నీళ్లలో మునగని దూది

కరోనా రెండో అల తగ్గిన మరుసటి ఏడాది, పత్తి మొదటి ఏరుడు నడుస్తున్న రోజుల్లో, నేను కరీంనగర్ శివార్లలోని ఒక ప్రైవేటు వైద్య కళాశాల ఆసుపత్రిలో మైక్రోబయాలజీ విభాగానికి ప్రొఫెసర్‌గా, అధిపతిగా పనిచేస్తుండేదాన్ని. అధిపతి అనగానే గాజు బల్ల, తిరిగే కుర్చీ ఊహించుకోకండి. మా విభాగం సెల్లారులో, లాండ్రీకీ మార్చురీకీ మధ్య ఉండేది. మా గుమ్మం ముందు నుంచి మురికి దుప్పట్లు ఒక దిక్కుకు, చనిపోయినవాళ్లు ఇంకో దిక్కుకు వెళ్లేవారు. మధ్యలో కూర్చుని మేము రోగుల రక్తం, కళ్లె, మూత్రం పోషకాలున్న పళ్లేల మీద పూసి, ఏం మొలుస్తుందా అని ఎదురుచూసేవాళ్లం.

ఆసుపత్రిలో హోదాల వరస బయటివాళ్లకు తెలియదు కనుక చెబుతాను. అందరికన్నా పైన గుండె డాక్టరు. తర్వాత ఎముకల డాక్టరు. తర్వాత మత్తు డాక్టరు, ఎందుకంటే ఆయన రాకపోతే పై ఇద్దరికీ పని లేదు. ఆ తర్వాత క్యాంటీన్ కాంట్రాక్టరు. అతని కింద మేము. కాంట్రాక్టరు సమ్మె చేస్తే మధ్యాహ్నానికల్లా యాజమాన్యం దిగివచ్చేది. మేము సమ్మె చేస్తే తెలియడానికి వారం పట్టేది.

ఇందులో నాకు పెద్ద ఫిర్యాదేమీ లేదు. నా ఉద్యోగం మొదలైంది ఇచ్చోడ దగ్గర ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో. అక్కడ మలేరియా స్లైడ్లు చూసీ చూసీ సూక్ష్మదర్శిని మీద ఇష్టం పెరిగింది, మనుషులతో మాట్లాడే ఓపిక అదే లెక్కన తరిగింది. అందుకే పీజీకి ఈ శాఖను ఎంచుకున్నాను. బ్యాక్టీరియా అడ్డంగా వాదించదు, దాని మేనమామ ఫోన్ చేసి సిఫారసు చేయడు. సెల్లారు నాకు సరిపోయిన చోటు.

ఆ ఏడాదే మా ఆసుపత్రి నాలుగో అంతస్తులో రక్త క్యాన్సర్ల వార్డు తెరిచింది. దానికి డాక్టర్ నిఖిల్ అనే కుర్ర హెమటాలజిస్టు వచ్చాడు. పెద్ద నగరంలో సూపర్ స్పెషాలిటీ చదివి వచ్చినవాడు, తెలివైనవాడు, మెట్లు రెండేసి చొప్పున ఎక్కేవాడు. అతను రాకముందు మన దిక్కు లుకేమియా రోగులంతా హైదరాబాద్ బస్సెక్కేవాళ్లు.

లుకేమియా వచ్చినవాళ్లకు అంటువ్యాధులు ఎందుకంత ప్రమాదమో రెండు మాటల్లో చెబితే గానీ మిగతా కథ అర్థం కాదు. ఎముకల్లోని మూలుగ మన రక్తకణాలను తయారుచేసే కార్ఖానా. లుకేమియాలో ఆ కార్ఖానా పనికిరాని తెల్లకణాలను కుప్పలుగా తయారుచేస్తుంది. కీమో మందు ఆ చెడ్డ కణాలతో పాటు మంచివాటినీ చంపేస్తుంది. కార్ఖానా మళ్లీ నడిచేదాకా ఒంట్లో కాపలా ఉండదు. గాలిలో, నీళ్లలో, మన చర్మం మీద ఊరికే తిరిగే క్రిములు కూడా ఆ సమయంలో లోపలికి వచ్చి కూర్చుంటాయి. ఇంకో తిరకాసు ఏమిటంటే, పుండు ఎర్రబడాలన్నా చీము పట్టాలన్నా తెల్లకణాలే కావాలి. అవి లేవు కనుక ఎక్కడ చెడిందో పైకి కనబడదు. జ్వరం ఒక్కటే చెబుతుంది, అదీ అడ్రసు లేకుండా.

ఇక లావణ్య. జమ్మికుంట పక్క ఊరి అమ్మాయి. డిగ్రీ అయిపోయి పోలీసు కానిస్టేబుల్ పరీక్షకు తయారవుతూ, పొద్దున్నే పరుగు సాధన చేస్తుండగా ఆయాసం మొదలైంది. ఒంటి మీద కమిలిన మచ్చలు వచ్చాయి. పరీక్ష చేస్తే లుకేమియా అని తేలింది. మొదటి కోర్సు కీమోకే మూలుగ శుభ్రపడింది. రెండో కోర్సు ఇచ్చాక, తెల్లకణాలు అడుగంటిన సమయంలో జ్వరం పట్టుకుంది. నిఖిల్ బలమైన యాంటీబయాటిక్ మొదలుపెట్టాడు, తర్వాత ఇంకా బలమైనది. జ్వరం రోజూ చలితో వణికించి, తగ్గినట్టే తగ్గి, మళ్లీ వచ్చేది.

ఇక్కడ చిక్కు ఏమిటో నిఖిల్ నాకు స్పష్టంగానే చెప్పాడు. మూడో కోర్సు ఆలస్యమైతే లుకేమియా తిరగబెట్టే అవకాశం పెరుగుతుంది. జ్వరం మీద ఇస్తే జ్వరమే ప్రాణం తీస్తుంది. ముందు జ్వరం ఎక్కడిదో తేలాలి. అది తేల్చే బాధ్యత, హోదా ఎంత కింద ఉన్నా, నాది.

మేము చేసే కల్చర్ పరీక్ష చాలా మొరటు పని. రోగి రక్తాన్ని పోషకాలున్న సీసాలో పోసి వెచ్చని యంత్రంలో పెడతాం. క్రిమి పెరిగితే యంత్రం కూస్తుంది. లావణ్య రక్తం ఎన్నిసార్లు పెట్టినా మా యంత్రం మూగనోము పట్టింది. ప్రతిసారీ ‘ఏమీ పెరగలేదు’ అని రాసి సంతకం పెట్టేదాన్ని. నిఖిల్ ఆ కాగితం తీసుకుని నా వైపు చూసే చూపులో గౌరవం తక్కువ, జాలి ఎక్కువ. దానికి జవాబుగా నేను చెప్పేది ఒకటే. యాంటీబయాటిక్ ఎక్కుతున్న మనిషి రక్తంలో క్రిమి బతికి ఉండటం కష్టం. కల్చర్‌కు బతికున్నది కావాలి. చచ్చినదాన్ని ఎంత బతిమాలినా పెరగదు.

అప్పుడు నిఖిల్ జన్యు సీక్వెన్సింగ్ మాట ఎత్తాడు. రక్తంలోని ద్రవంలో డీఎన్ఏ తునకలు తేలుతుంటాయి. ఎక్కువ శాతం రోగివే. ఒంట్లో ఏదైనా క్రిమి ఉంటే, అది చచ్చినా సరే, దాని తునకలూ కొన్ని ఉంటాయి. యంత్రం అన్నిటినీ చదివి, తెలిసిన జీవుల డీఎన్ఏతో పోల్చి, ఎవరెవరి ముక్కలున్నాయో చెబుతుంది. లావణ్య కాబోయే కానిస్టేబుల్ కనుక ఆమె లెక్కలోనే చెబుతాను. కల్చర్ అంటే దొంగను పట్టుకుని ఠాణాలో కూర్చోబెట్టడం. సీక్వెన్సింగ్ అంటే ఇంట్లో పడ్డ అడుగుజాడలన్నీ ఎత్తుకురావడం. వాటిలో దొంగవీ ఉంటాయి, పాలవాడివీ ఉంటాయి, జాడలు ఎత్తడానికి వచ్చిన పోలీసులవీ ఉంటాయి.

పాతకాలపు దాన్ని కనుక నేను అడ్డం పడతానని నిఖిల్ అనుకున్నాడు. నిజానికి నాకు అతనికన్నా ఎక్కువ ఉబలాటంగా ఉంది. నా చేతులతోనే ట్యూబులు సర్ది, మంచు పెట్టెలో హైదరాబాద్‌లోని ఒక ల్యాబుకు పంపించాను. రిపోర్టు వచ్చేదాకా లావణ్య జ్వరం పట్టికను పై నుంచి ఫోన్‌లో తెప్పించుకుని చూస్తూనే ఉన్నాను. చూడటం వల్ల ఒరిగేదేమీ లేదని తెలుసు.

ఒక మధ్యాహ్నం రిపోర్టు వచ్చింది. రంగురంగుల పటాలతో పెళ్లి శుభలేఖ కన్నా ముచ్చటగా ఉంది. నిఖిల్ దాన్ని ఫోన్‌లో చూసుకుంటూ సెల్లారులోకి దూకినట్టే వచ్చాడు. “మేడం, ఆస్పర్జిల్లస్. నేను మొదటి నుంచీ అనుకుంటున్నదే” అన్నాడు. ఆస్పర్జిల్లస్ ఒక బూజు. లుకేమియా రోగుల ఊపిరితిత్తుల్లో పట్టిందంటే మనిషిని మిగల్చదు. లావణ్య ఛాతీ సీటీలో ఒక చిన్న మసక మచ్చ ఉంది. అది బూజే అని అతని అనుమానం. సాయంత్రానికల్లా యాంఫోటెరిసిన్ మొదలుపెడతానన్నాడు. అది బూజుకు గట్టి మందే. కిడ్నీలకు కూడా గట్టిదే. అది మొదలుపెడితే మూడో కోర్సును వారాల తరబడి మరిచిపోవాల్సిందే.

నేను కళ్లద్దాలు పెట్టుకుని రిపోర్టు పై నుంచి చదివాను. బూజు తునకలు చాలా తక్కువ, కింద ఎక్కడో ఉన్నాయి. అందరికన్నా ఎక్కువగా ఉన్నది పాంటోయా అనే బ్యాక్టీరియా. దాని కింద రాల్‌స్టోనియా అనే ఇంకొకటి. పాంటోయా సంగతేమిటని అడిగితే నిఖిల్ చెయ్యి విసిరి, అది చెట్లూ చేమల మీద ఉండే క్రిమి, ఎక్కడో దుమ్ము పడి ఉంటుంది అన్నాడు. పైన ఉన్నది దుమ్ము, కింద ఉన్నది జబ్బు అని నీకెలా తెలుసు అని అడిగాను. తెలుసని కాదు, నమ్మకం అన్నాడు. నమ్మకాలకు మా విభాగంలో పళ్లేలు లేవు. ఫోన్ అందుకుని ఆ రిపోర్టు మీద సంతకం చేసిన అమ్మాయికి చేశాను.

సీక్వెన్సింగ్ చేసే ప్రతి ల్యాబూ రోగుల రక్తంతో పాటు ఒక ట్యూబులో వట్టి శుద్ధజలం కూడా నడిపిస్తుంది. అందులో ఏమైనా కనబడితే అది రోగిది కాదు, ల్యాబుదే. ఆ నీళ్ల ట్యూబులో ఏం వచ్చిందని అడిగాను. ఆ అమ్మాయి కాస్త నొచ్చుకుంది, అత్తగారు ఇంటికొచ్చి వంటగది సోదా చేస్తానన్నట్టు అనిపించి ఉంటుంది. కానీ ఒళ్లు దాచుకోకుండా వెతికి చెప్పింది. రాల్‌స్టోనియా నీళ్లలోనూ ఉంది. ఆస్పర్జిల్లస్ కూడా ఉంది, ఇంచుమించు అంతే. పాంటోయా మాత్రం నీళ్లలో లేదు. నిఖిల్ మొహంలో రంగు మారింది. స్పీకర్ పెట్టి ఉంది కనుక అతనూ విన్నాడు.

పెట్టేయబోతూ ఇంకో ప్రశ్న వేశాను. మీరు చదివి పారేసిన వాటిలో ఏమున్నాయి అని. మనిషివి తీసేస్తాం, మొక్కలవి తీసేస్తాం, తిండి నుంచో గాలి నుంచో ప్రతి శాంపిల్‌లో వరి, గోధుమ వస్తూనే ఉంటాయి అంది. ఈమెలో ఏ మొక్క అని అడిగితే కాసేపు కీబోర్డు చప్పుడు వినిపించింది. “పత్తి మేడం. మిగతావాళ్లలో లేదు. ఈ శాంపిల్‌లోనే ఉంది” అంది.

నిఖిల్ నవ్వాడు. ఈ కాలంలో జమ్మికుంట మనిషిలో పత్తి కాక ఆపిల్ పండు ఉంటుందా, రక్తం తీసేటప్పుడు ఏదో దూది పోగు పడి ఉంటుంది అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉంది. అయితే ఆసుపత్రి దూది నుంచి డీఎన్ఏ రావడం కష్టం. దాన్ని సోడాతో ఉడకబెట్టి, చలువ చేసి, శుద్ధి చేస్తారు. పైగా పాంటోయాకు పత్తి అంటే పుట్టిల్లు. కాయలో, ఆకులో, మిల్లు దుమ్ములో ఉంటుంది. ఈ రెండూ జంటగా వచ్చాయంటే ఎక్కడో ఒక ఇంటి నుంచే వచ్చి ఉండాలి. ట్యూబులో దుమ్ము పడితే రిపోర్టు చెడుతుంది గానీ పిల్లకు చలిజ్వరం రాదు కదా అన్నాను. సాయంత్రం దాకా ఆగుతానని ఒప్పుకున్నాడు. అంతకుమించి ఆగనన్నాడు. అతన్ని తప్పుపట్టలేను. నా అనుమానం తప్పయి, నిజంగానే బూజయితే, ఆ ఆలస్యానికి పోయేది నా పళ్లెం కాదు, ఆ పిల్ల.

లిఫ్టు దగ్గర స్ట్రెచర్ల వరస ఉంది. నాలుగు అంతస్తులూ నడిచే ఎక్కాను. మోకాళ్లు తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. వార్డులోకి మైక్రోబయాలజీ వాళ్లు రావడం అరుదు కనుక స్టాఫ్ నర్సులు నన్ను చూసి, ఏదో పెద్ద తప్పే జరిగిందనుకుని అన్ని కుళాయిలూ ఒక్కసారిగా కడగడం మొదలుపెట్టారు.

లావణ్య గుండుతో, పెద్ద కళ్లతో, దుప్పటి మెడదాకా కప్పుకుని ఉంది. పక్కన స్టూలు మీద ఆమె తండ్రి రాజిరెడ్డి. భూమి ఉన్న రైతు. ఆయన గురించి వార్డంతా తెలుసు. మార్కెట్ యార్డులో ఆయన బస్తాలో చెయ్యి పెట్టి ఒక దూది పింజ లాగి, రెండు వేళ్ల మధ్య సాగదీసి, పోగు పొడుగెంతో తేమ ఎంతో చెబితే కొనేవాళ్లు కూడా మారు మాట్లాడరట. ఆసుపత్రి మందుల దుకాణంలో దూది కట్ట చూసి, దీన్ని ఏ తుక్కుతో చేసిండ్రు అని దుకాణం పిల్లవాణ్ని నిలదీసిన కథ నర్సులు నాకు నవ్వుతూ చెప్పారు. అప్పుడు నేనూ నవ్వాను. కాస్త ముందుగానే నవ్వానని తర్వాత అర్థమైంది.

లావణ్యను అడిగాను, చలి ఎప్పుడు వస్తుందని.

“సిస్టర్ పైపుల నీళ్లు కొట్టి పోయినంక జరసేపటికి వస్తది మేడం. పోలీసోళ్లు టైముకు వచ్చినట్టు వస్తది,” అంది.

డాక్టర్లకు చెప్పావా అంటే, “చెప్పిన. మందు పడుతలేదేమో అన్నరు. మందు మార్చిండ్రు. చలి మాత్రం మారలే,” అంది.

పైపు సంగతి చెప్పాలి. కీమో మందులు చేతి నరాల్లోకి మాటిమాటికీ ఎక్కిస్తే నరాలు కాలిపోతాయి. అందుకని మోచేతికి పైన ఒక సన్నని గొట్టం పెట్టి, దాని కొస గుండె దగ్గరి పెద్ద నరం దాకా పంపుతారు. పిక్ లైన్ అంటారు. అది నెలల తరబడి ఉంటుంది. బయటి కొసకు మూత ఉంటుంది. మందు ఎక్కించే ముందూ తర్వాతా మూతను స్పిరిటుతో తోమి, సెలైన్ కొట్టి గొట్టాన్ని కడుగుతారు. ఆ మూత బట్టలకు తగిలి లాగకుండా మా వార్డులో కాస్త దూది చుట్టి పైన బ్యాండేజీ కట్టేవారు. దూది రోగి తాలూకువాళ్లే తెచ్చిపెట్టుకునే అలవాటు. ఎవరి దూది వాళ్లకే వాడితే ఒకరి క్రిమి ఇంకొకరికి అంటదని ఆలోచన. మంచి ఆలోచనే.

వార్డు ఇన్‌చార్జి సుగుణమ్మది చెన్నూరు. మా ఆసుపత్రిలో ఆమె తోమినంత బాగా మూత తోమేవాళ్లు లేరు. ఆమెతో బ్యాండేజీ విప్పించాను. గొట్టం దిగిన చోట చర్మం ఎర్రగా లేదు, వాపు లేదు, చీము లేదు. ఉండడానికి తెల్లకణాలు ఉంటే కదా. మూత చుట్టూ ఉన్న దూదిని పట్టకారుతో తీసి వెలుతురులో పెట్టాను. ఆసుపత్రి దూదిలా తెల్లగా పాలిపోయి లేదు. మీగడ రంగులో, పట్టులా మెరుస్తూ, పొడుగు పోగులతో ఉంది. మధ్యలో గోధుమ రంగు ఆకు నలుసు ఒకటి. చెమటకు తడిసి చల్లగా తగిలింది. మూత మరలో సన్నని పోగులు చుట్టుకుని ఉన్నాయి. పైన ఎంత తోమినా స్పిరిటు అక్కడికి చేరదు.

“వాళ్ల బాపు ఇంటికాడికెల్లి తెస్తడు మేడం. మనదానికంటె మెత్తగుంటది, పిల్లకు గుచ్చుకోదు,” అంది సుగుణమ్మ. ఆమె గొంతులో మెచ్చుకోలే ఉంది.

రాజిరెడ్డి లేచి నిలబడ్డాడు. తన సరుకు గురించి మాట్లాడే అవకాశం ఇన్నాళ్లకు దొరికిన మనిషిలా మొదలుపెట్టాడు.

“గీ దవాఖాన దూదిని దూది అంటరా మేడం? మిల్లుల కింద పడ్డ తుక్కు. పొడుగు లేదు, పస లేదు. నా బిడ్డ చెయ్యికి గిది చుట్టుడేందని మా చేన్లది తెచ్చిన. మొదటి ఏరుడు. గింజ తీసి మా అవ్వ కూసొని ఏకింది. దీపం వత్తులు గూడ గీ పత్తితోనే చేస్తం. దీనికంటె సాఫ్ ఇంకేం ఉంటది?”

మొదటి కోర్సప్పుడు ఈ జ్వరం ఎందుకు లేదో నాకప్పుడు తెలిసింది. అప్పటికి చేను ఇంకా పూత మీద ఉంది.

సుగుణమ్మతో ఒక స్టీలు గ్లాసులో నీళ్లు తెప్పించాను. శస్త్రచికిత్సకు వాడే దూదికి ఒక పాత పరీక్ష ఉంది. పచ్చి పత్తి పోగు మీద పుట్టుకతోనే మైనం పొర ఉంటుంది, అందుకే వానకు కాయ లోపల తొందరగా నానదు. ఆసుపత్రికి పంపే దూదిని ఉడికించి ఆ మైనం తీసేస్తారు. సరిగా తీస్తే నీళ్లలో వేయగానే మునుగుతుంది. ముందు ఆసుపత్రి దూది ఉండ వేశాను. నీళ్లు తాగి అడుగుకు పోయింది. తర్వాత రాజిరెడ్డి దూది వేశాను. అది పైనే కూర్చుంది. వేలితో నొక్కితే మునిగి, వదిలితే లేచింది.

రాజిరెడ్డి మొహం వెలిగిపోయింది. “చూసిండ్రా,” అన్నాడు సుగుణమ్మతో. “మాది మునగదు.”

పక్క మంచాలవాళ్లు కూడా మెడలు సాచి చూస్తున్నారు. నా ఉద్యోగంలో చెడ్డ రిపోర్టులు లెక్కలేనన్ని రాశాను. రాయడం వేరు. ఎదురుగా నిలబడి గెలిచానని మురిసిపోతున్న మనిషికి చెప్పడం వేరు. సెల్లారు ఎందుకు ఎంచుకున్నానో ఆ క్షణంలో బాగా గుర్తొచ్చింది.

అయినా చెప్పాను. మీ పత్తి మేలైనదే, అందులో మాటే లేదు. కానీ దాని మీద పుట్టి పెరిగే క్రిమి ఒకటి ఉంది. చేలో దానివల్ల మీకు ఏమీ కాదు, రోజూ పీలుస్తున్నారు కూడా. ఈ దూది చెమటను తాగదు, మూత చుట్టూ తడి నిలుస్తుంది, ఆ తడిలో క్రిమి పెరుగుతుంది. సిస్టర్ సెలైన్ కొట్టినప్పుడల్లా పత్తి నలుసుతో పాటు కొంచెం లోపలికి పోతుంది. మందు దాన్ని చంపుతూనే ఉంది, అందుకే మా కల్చర్లలో ఏమీ పెరగలేదు. చచ్చినదాని ఒంటి మీది విషానికి కూడా చలిజ్వరం వస్తుంది. మందు పనిచేస్తూనే ఉంది, జ్వరం వస్తూనే ఉంది.

రాజిరెడ్డి గ్లాసు వైపే చూస్తున్నాడు. “అంటె నేనే పెట్టిన్నా మేడం?” అన్నాడు.

అవును అన్నాను. పరీక్ష చేసి ఖాయం చేయాలి గానీ, అవుననే అనుకుంటున్నాను అన్నాను. మెత్తగా చెప్పే మార్గాలు ఉన్నాయని తెలుసు. కానీ అటూ ఇటూ కాకుండా చెబితే ఆయన మళ్లీ ఇంకా మెత్తనిది తెచ్చి చుడతాడు. ఆ మనిషి ప్రేమ అలాంటిది.

లావణ్యే అంది, “బాపు, యార్డుల అందరి పత్తికి వంక పెడ్తవు గద. ఇగ నీ పత్తికి గూడ వంక పెట్టెటోళ్లు దొరికిండ్రు.”

ఆయన నవ్వలేదు. తువ్వాలు భుజాన వేసుకుని వరండాలోకి వెళ్లిపోయాడు. నేను వెనకాల పోబోతే లావణ్య వద్దంది. “జర ఆగుండ్రి మేడం. ఆయన ఏడిస్తె ఎవలు చూడొద్దు. మొహం కడుక్కొని వస్తడు,” అంది.

నిఖిల్‌ను ఫోన్‌లో పిలిచాను. వచ్చి గ్లాసు చూశాడు, దూది చూశాడు, మూత మరలో పోగులు చూశాడు. నా మీద గెలవాలని ఒక్క మాట కూడా అనలేదు. ఈ గుణం పెద్ద చదువులతో వచ్చేది కాదు. యాంఫోటెరిసిన్ ఆలోచన మానుకున్నాడు. గొట్టం అప్పటికప్పుడే తీసేశాడు. దాని కొస, మూత, చుట్టిన దూది మూడూ వేర్వేరు డబ్బాల్లో పెట్టుకుని నేను సెల్లారుకు దిగాను. దిగేటప్పుడు మోకాళ్ల మాటే గుర్తు రాలేదు.

మర్నాడు దూది రుద్దిన పళ్లెం మీద పసుపు పచ్చని చుక్కలు మెరుస్తున్నాయి. మూత లోపలి నుంచి రుద్దిన పళ్లెం మీదా అవే. గొట్టం కొస మీద మాత్రం ఏమీ లేదు, మందు అక్కడిదాకా పనిచేసిందన్నమాట. పాంటోయాకు పసుపు రంగే గుర్తు. ఆ చుక్కల్లో ఒకదాన్ని హైదరాబాద్ పంపితే, రక్తంలో దొరికిన తునకలతో సరిపోయిందని అదే అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. ఈసారి నొచ్చుకోలేదు. ఇకపై పారేసినవాటి సంగతి కూడా అడిగినవాళ్లకు చెబుతామంది.

గొట్టం తీసిన తర్వాత లావణ్యకు చలి రాలేదు. జ్వరం దిగింది. సీటీలోని మచ్చ తర్వాతి ఫిల్ములో కనబడలేదు. అది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు, తెలుసని చెప్పేవాళ్లను నమ్మను కూడా. తెల్లకణాలు లేచాక రెండో చేతికి కొత్త గొట్టం పెట్టి మూడో కోర్సు మొదలుపెట్టారు.

ఆసుపత్రి గేటుకు ఒక పెద్ద ఫ్లెక్సీ కట్టారు. జన్యు పరీక్షతో అరుదైన ఇన్ఫెక్షన్ గుర్తింపు అని పైన, ఛైర్మన్ ఫొటో మధ్యలో, నిఖిల్ ఫొటో పక్కన. మైక్రోబయాలజీ అన్న మాటలో ఒక అక్షరం ఎగిరిపోయింది. స్టీలు గ్లాసు ఊసే లేదు. ఆ గ్లాసు మాత్రం నాలుగో అంతస్తులో నర్సుల బల్ల మీద స్థిరపడింది. దానికి కారణం నేను కాదు, యాజమాన్యం అంతకన్నా కాదు. మూడో కోర్సుకు వచ్చిన రోజు నుంచి రాజిరెడ్డి వార్డుకు వచ్చే ప్రతి దూది కట్ట నుంచీ ఒక పింజ లాగి, వేళ్లతో కాకుండా నీళ్లతో చూడటం మొదలుపెట్టాడు. తన బిడ్డదే కాదు, పక్క మంచాలవాళ్లది కూడా. నీళ్లలో మునిగితే సరిపోదు, సీలు విప్పని కట్ట కావాలని సుగుణమ్మ ఆయనకు నేర్పింది. రెండూ చూసేవాడు. ఒకసారి మందుల దుకాణం నుంచి వచ్చిన కట్ట తేలితే, మొత్తం పెట్టె వెనక్కి పంపించాడు. దుకాణం పిల్లవాడు ఈసారి ఎదురు మాట్లాడలేదు.

చివరి కోర్సు అయ్యి ఇంటికి వెళ్లేరోజు ఆయన నన్ను వెతుక్కుంటూ సెల్లారుకు వచ్చాడు. లాండ్రీ, మార్చురీ దాటి మా గదికి వచ్చిన మొదటి బంధువు ఆయనే. కూర్చోమంటే కూర్చోలేదు.

“మేడం, గా మిషన్ల మా పత్తి పేరు గూడ వచ్చిందట గద?”

వచ్చింది అన్నాను.

“ఏ రకమో చెప్పిందా?”

లేదు, పత్తి అని మాత్రం చెప్పింది అన్నాను.

“గంతేనా,” అన్నాడు. “నన్నడిగితె విత్తనం కంపెనీ గూడ చెప్తుంటి.” గుమ్మం దాకా వెళ్లి, “ఎవలన్న అడిగితె గద,” అన్నాడు.

లావణ్య ఇప్పటికీ పరీక్షలకు వస్తుంది. జబ్బు ఇంతవరకు తిరిగి రాలేదు. మా వృత్తిలో ‘ఇంతవరకు’ అనేదే వాడదగ్గ మాట, కనుక అదే వాడుతున్నాను. మళ్లీ పరుగు సాధన చేస్తోందట.

ఆ తర్వాత పదవీ విరమణ దాకా సీక్వెన్సింగ్ రిపోర్టులు చాలా వచ్చాయి. కొన్ని ప్రాణాలు నిలబెట్టాయి, కొన్ని మమ్మల్ని తప్పుదారి పట్టించబోయాయి. ప్రతి రిపోర్టుకూ నేను ల్యాబును రెండు ప్రశ్నలు అడిగేదాన్ని: నీళ్ల ట్యూబులో ఏం వచ్చింది, మీరు ఏం పారేశారు. మూడో ప్రశ్న ల్యాబును అడిగేది కాదు. దానికోసం నాలుగో అంతస్తుకు నడిచి వెళ్లి, మంచం పక్కన స్టూలు మీద కూర్చున్న మనిషిని అడగాలి, ఇంటి నుంచి ఏం తెచ్చారు అని. రిపోర్టులో క్రిమి పేరు ఉంటుంది. అది వచ్చిన దారి తెలిసినవాళ్లు ఆ స్టూలు మీద ఉంటారు, మనం అడిగేదాకా అది దారి అని వాళ్లకూ తెలియదు.